నాలుగో షెడ్డు

మొన్న ఆదివారం పొద్దున బాబాయి పోయారు. కొత్త షెడ్డులో ఫ్యాన్లు వేసి చూస్తూ అక్కడే కుప్పకూలారట. మాకు చుట్టరికం లేదు. అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, కారు లేని నన్ను వారం వారం సరుకులకు తీసుకెళ్ళిన పాపానికి ఆయన నాకు బాబాయి అయ్యారు, ఆయన భార్య పిన్ని అయ్యింది.

ఊరికి కాస్త దూరంలో ఆయనకు కోళ్ళ షెడ్లు మూడుండేవి. కోడిపిల్లల్నీ దాణానూ ఒక కంపెనీ ఇస్తుంది, పెంచి అప్పగించడం ఆయన పని. లోపలికి వెళ్ళే ముందు ప్రతిసారీ తలుపు మెల్లగా తట్టేవారు. మొదటిసారి చూసి నవ్వాను.

"నవ్వకురా. చెప్పకుండా పోతే బెదిరిపోయి ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి. ఎవరింటికైనా చెప్పే పోవాలి" అన్నారు.

మా ఇంటికి మాత్రం ఏనాడూ చెప్పి రాలేదు. తోటలో కాసిన సొరకాయ పట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చేసేవారు.

అమెరికాకూ యూరప్‌కూ మధ్య సుంకాలు లేని వ్యాపార ఒప్పందం వస్తుందన్న మాట మొదలయ్యాక వాళ్ళింట్లో వేరే కబురు లేదు. ఇక్కడ కోడిమాంసాన్ని క్లోరిన్ నీళ్ళలో కడుగుతారని అక్కడివాళ్ళు రానివ్వరు. ఆ అడ్డు తొలగితే బోలెడన్ని కోళ్ళు కావాలి, ఇంకో షెడ్డు కట్టమని కంపెనీ మనిషి చెప్పి వెళ్ళాడు. రాసి మాత్రం ఏమీ ఇవ్వలేదు.

"అంత పెద్ద మార్కెట్ ఓపెన్ అయితే మనకే కదే మంచిది. నలుగురికి పని దొరుకుద్ది" అనేవారు బాబాయి.

"మనవి అటు పోతే వాళ్ళవి ఇటు రావా? లేదంటే మీరే మారండి, షెడ్లన్నీ మా రూల్స్ ప్రకారం మళ్ళీ కట్టండి అంటారు. అప్పుడు ఆ కంపెనీవాడు మీ ఫోన్ ఎత్తుతాడా?" అనేది పిన్ని.

అయినా ఉన్న పొలం బ్యాంకుకు తాకట్టు పెట్టి నాలుగో షెడ్డు కట్టారు. ఆశపడ్డారని ఆయన్ను నేను తప్పుపట్టలేను. పని చేతనైనవాడు ఇంకొంచెం పని కోరుకుంటాడు.

షెడ్డు పూర్తయింది. ఒప్పందం వస్తోందన్నారు, ఆగిందన్నారు, మళ్ళీ మాట్లాడుకుంటున్నారన్నారు. కోడిపిల్లలు మాత్రం రాలేదు. ఫ్యాన్లు పాడవుతాయని రోజూ వెళ్ళి కాసేపు తిప్పి వచ్చేవారు. రానురాను మాట తగ్గిపోయింది. "షెడ్డు ఇంత సైలెంట్‌గా ఉంటే భయమేస్తందిరా" అన్నారొకసారి. నాకూ వేసింది.

అంత్యక్రియలకు కంపెనీ నుంచి పూలు వచ్చాయి. కొత్త షెడ్డుకు కోడిపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు ఆయన వేసిన ఫ్యాన్లను ఎవరూ ఆపలేదు. నిన్న పిన్నితో కలిసి వెళ్ళాను. లోపల ఒక్క ప్రాణి లేదు, పొలమంతా ఫ్యాన్ల హోరు. బ్యాంకువాళ్ళు వచ్చి చూసి వెళ్తామన్నారని చెబుతూనే పిన్ని తలుపు దగ్గర ఆగింది. మెల్లగా తట్టింది. కాసేపు చూసి, మళ్ళీ తట్టింది.