గట్టు మీది కంది

మా నాన్న జోగయ్య మంచి రైతే. ఆమదాలవలస చుట్టుపక్కల ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. నేను మాత్రం ఆయన చేసిన తప్పు చెబుతాను. కూతుర్ని, ఆ మాత్రం హక్కు నాకుంది.

మాకు కాలవ కింద రెండెకరాల పల్లం. మడికీ మడికీ మధ్య గట్లు ఎంత వెడల్పంటే, గడ్డిమోపులతో ఇద్దరు ఎదురుపడినా ఎవరూ మడిలోకి దిగక్కర్లేదు. ఆ గట్ల మీద ఏటా కంది వేసేది మా మేనత్త లక్ష్మణమ్మ. ఇరవై రెండేళ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. మడిలో వరి మగవాళ్లది, గట్టు మీద పంట ఇంటి ఆడపడుచుది. మా ఇంట్లో అది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. ఆ కందులు అమ్ముకునే అత్త చీర కొనుక్కునేది, శ్రీకూర్మం డోలోత్సవానికి వెళ్లొచ్చేది. ఎవరి ముందూ చెయ్యి చాచి ఎరగదు. అందుకేనేమో, మా ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు ఆవిడదే.

అరవై ఎనిమిదిలో మా ఊరికి పొట్టి వరి వచ్చింది. ఎరువు వేస్తే రెట్టింపు పండుతుందన్నారు. ఆశకు అంతుంటుందా? నాన్న కంటికి గట్లు దండగగా కనిపించాయి. వైశాఖంలో పార పట్టుకుని, జానెడు మిగిల్చి అన్నిటినీ చెక్కేశాడు. పది సెంట్ల నేల కలిసొచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడు. అత్తను ఒక్క మాట అడగలేదు. అడగాలని కూడా తట్టలేదు, అదీ నా కోపం.

జానెడు గట్ల మీద అత్త ఆ ఏడు కంది వెయ్యలేదు. వరి మాత్రం విరగపండింది. ఫాల్గుణంలో నాన్న అరుగు మీద పలుపుతాడు పేనుతుంటే, అత్త వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. ఎప్పుడూ ఆయన ఎదురుగా చతికిలబడి మాట్లాడే మనిషి.

"జోగీ, శ్రీకూర్మం ఎల్దామనుకుంతన్నాను. బస్సుకి డబ్బులేటైనా ఇస్తావేటిరా?"

నాన్న ఇచ్చాడు. ఆ తాడు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. అక్క చేత అడిగించుకునే రోజు తెచ్చుకున్నానని మా అమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడట.

తొలకరికి ముందే తనే మట్టి మోసి గట్లన్నీ పాత వెడల్పుకు తెచ్చాడు. అందరూ మడి పెంచుకుంటుంటే జోగయ్య గట్టు పెంచుకుంటున్నాడని పక్క పొలం కూర్మయ్య నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకుని, నాన్న సంతలో విత్తనాల కందులు కొనితెచ్చి అత్త ముందు పెట్టాడు.

"గట్లు మల్లీ ఏసినానప్పా. కంది ఎయ్యి. అది నీదే."

అత్త ఆ మూట విప్పలేదు.

"మునుపు అది నాదని ఎవులూ సెప్పనేదురా, అందుకే నాది. ఇప్పుడు నువ్విస్తన్నావు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, నాన్న బతిమాలుకునేవాడు.

ఆ ఏడు కంది నాన్నే వేశాడు. బాగానే కాసింది. తనే కోసి, కొట్టి, తూర్పారబట్టి, బస్తా తెచ్చి అత్త మంచం పక్కన పెట్టాడు. ఆవిడ దాన్ని ఈడ్చుకెళ్లి ఇంటి గాదెలో పోసేసింది. ఖాళీ గోనె దులిపి, మడిచి, నాన్న చేతికిచ్చింది.