నొప్పి లేదు సార్

మా పెదనాన్న సైన్యంలో లారీ తోలేవాడు. దారి కొట్టుకుపోయిన చోటల్లా లారీలోంచి దూకి రాళ్ళు మోసేవాడు. అలా దూకి దూకి కుడి మోకాలు అరిగిపోయింది. ఇప్పుడు ఆయనది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. గొంతుక్కూర్చోలేడు కనుక దూలానికి తాళ్ళు కట్టి, సైకిలునే తన ఎత్తుకు లేపుకుంటాడు. అదేమిటని ఎవరైనా అడిగితే, "అదే లేచి నాకు సెల్యూట్ కొడుతోంది" అంటాడు.

మోకాలు ఉద్యోగంలోనే పోయిందని సైన్యంవాళ్ళు ఒప్పుకున్నారు. కానీ వైద్యుల బోర్డు వైకల్యాన్ని మరీ తక్కువ శాతం కట్టింది. ఆ శాతానికి సైనిక ఆసుపత్రిలో ఆపరేషన్ చెయ్యరు. అది చేయించకపోతే కొన్నాళ్ళకు నిలబడటమే కష్టమవుతుందని బయటి డాక్టరు అన్నాడు.

శాతం ఎందుకు తగ్గిందో పెద్దమ్మకు తెలుసు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి, యూనిఫారం వేసుకున్న డాక్టరు కనబడగానే మడమలు కలిపి గెడకర్రలా నిలబడ్డాడు. నొప్పి ఉందా అంటే "లేదు సార్!" అన్నాడు. అధికారి ముందు నొప్పి అనే మాట ఆయన నోట ఏనాడూ రాలేదు.

అప్పీలు పెట్టాం. ఆ వారమంతా పెద్దమ్మ వంటింట్లో గరిటె పట్టుకుని డాక్టరు వేషం కట్టింది.

"నొప్పి ఉందా?"

"ఉందే తల్లీ, ప్రాణం పోయేంత ఉంది. చాలా?"

"నాతో కాదు మహానుభావా, అక్కడ అనండి."

మళ్ళీ పరీక్షకు ముగ్గురం వెళ్ళాం. ఈసారి డాక్టరు ఒక యువతి, ఆమె కూడా సైన్యంలో అధికారే. పెదనాన్న మడమలు టక్కున కలిశాయి.

"మోకాలు నొప్పిగా ఉంటుందా?"

"లేదు మేడమ్!"

పెద్దమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యో నా రాత! చెప్పిందంతా గంగపాలు చేశారు కదండీ! డాక్టరమ్మా, ఈయన్ని అడిగితే చెప్పరు. ఆర్డరు వెయ్యండి, చెప్తారు."

డాక్టరు నవ్వబోయి ఆగింది. కుర్చీలో నిటారుగా సర్దుకుని గొంతు మార్చింది.

"డ్రైవర్! కుడి మోకాలి పరిస్థితి ఏమిటి? ఏదీ దాచకుండా రిపోర్టు చెయ్యండి."

పెదనాన్న ఎదుటి గోడనే చూస్తూ మొదలుపెట్టాడు.

"పూర్తిగా వంగదు మేడమ్. మెట్లు దిగేటప్పుడు పట్టు తప్పుతుంది. పొద్దున వెంటనే నిలబడలేను. అందుకే మా ఆవిడ కన్నా ముందు లేచి, మంచం దగ్గర్నుంచి తలుపుదాకా పాకుతాను. చూస్తే బెంగపెట్టుకుంటుంది మేడమ్. రిపోర్టు పూర్తయింది."

పెద్దమ్మ నుదుటి మీది చెయ్యి అక్కడే ఉండిపోయింది. కోడికన్నా ముందు లేస్తారని ఆయన్ని ఎన్నేళ్ళుగానో ఎగతాళి చేస్తోంది.

డాక్టరు ఆయన్ని బల్లమీద పడుకోబెట్టి, మోకాలు మెల్లగా వంచి, ఎక్కడిదాకా వంగుతోందో కొలిచింది. శాతం పెంచాలని అప్పుడే రాసేసి, "ఆపరేషన్ ఇక్కడే చేస్తాం. అందాకా పాకకండి, ఇదీ ఆర్డరే" అంది.

బయట మెట్ల దగ్గర పెద్దమ్మ ఒక మెట్టు ముందు దిగి నిలబడి భుజం చూపించింది.

"బరువు వెయ్యండి."

"నీమీదెందుకే, ఆ కమ్మీ ఉందిగా."

"ఇన్నేళ్ళూ మీ కోపం మోయలేదూ? మోకాలొక లెక్కా!"

పెదనాన్న చుట్టూ చూశాడు. యూనిఫారాలేవీ కనబడలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"అబ్బా..." అన్నాడు, గట్టిగానే.