మల్లె వాసన చెప్పిన సాయంత్రం

నేను వ్యవసాయ కళాశాలలో చదివే రోజులవి. ఓ ఎండాకాలం సాయంత్రం పటాన్‌చెరులో భానూర్ బస్సెక్కాను. పక్క సీటులో ఒకామె ఒడిలో మల్లె మొక్కను పెట్టుకుని కూర్చుంది. మందుల కంపెనీలో పని మానేసి, నర్సరీ పని నేర్పే శిక్షణలో చేరిందట. ఆమె కొమ్మ నాటి బతికించిన మొదటి మొక్క అది. దానికున్న ఒకే ఒక్క మొగ్గ అప్పుడే విచ్చుకుంటోంది.

"జెర వాసన సూసి చెప్పు బిడ్డా. కంపెనీల ఉన్నప్పుడే ఆ మందుల ఘాటుకు నాకు వాసన తెల్వకుంట పోయింది" అంది.

వంగి వాసన చూశాను. ఇంకోసారి వంగాను.

"తలకు పోసుకొని వచ్చిన అమ్మ పక్కన కూసున్నట్టున్నదక్కా" అన్నాను చివరికి.

ఆమె కళ్లు మూసుకుంది. కిటికీ అవతల పొగగొట్టాలు పసుపు వెలుతురులో తేలిపోతున్నాయి.

"ఇంకోపారి చెప్పు."

మళ్లీ చెప్పాను. బస్సు ఊగుతూ పోతుంటే మొక్కను రెండు చేతులతో పట్టుకుని ముఖం పువ్వు మీదికి వంచింది.

భానూర్‌లో దిగుతూ నవ్వింది. "ఇగ మంచిగైంది. కొనెటోళ్లు అడిగితే గదే చెప్త."

ఇప్పుడు అలాంటి శిక్షణలోనే నేను పాఠాలు చెబుతున్నాను. మల్లె దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముందు ఒక పువ్వు చేతికిచ్చి, వాసన ఎలా ఉందో చెప్పమంటాను.