యాభైరెండు అంటే అమ్మ

నేపుల్స్‌లో చేతి తొడుగులు కుట్టి బతికే రఫిలీనాకి ఒక్కతే కూతురు, నున్జియా. సంగీత పాఠశాలలో ఏళ్ల తరబడి ఒపేరా నేర్చింది. మైకు లేకుండానే నాటకశాలలో ఆఖరి వరుస దాకా వినబడే గొంతు. యుద్ధం అయిన కొత్తలో రోము నిర్మాత ఒకడు ఆ గొంతు విని వచ్చాడు, మొహం చూసి సినిమాలో పెట్టాడు. మూడు సినిమాలకే గోడల నిండా ఆమె బొమ్మే. గొంతు మాత్రం గోవిందా! ఆ రోజుల్లో తెరమీది మాటలన్నీ తర్వాత అతికించేవే. నేపుల్స్ యాస కథానాయికకి పనికిరాదని రోములో ఇంకెవరో మాట్లాడేవారు. పాటలా? ఏడిపించే సినిమాలకి పాటలెందుకన్నారు.

"మొహం నీది, మాట ఎవత్తిదో! నీ గొంతు వినిపించిన రోజున పిలువు, వస్తాను," అని తల్లి ఒక్క సినిమాకీ రాలేదు. నున్జియాకి ఎంత పేరొచ్చినా ఆ బాధ పోలేదు.

నాలుగో సినిమాకి పంతం పట్టింది. తల్లి శవం ముందు ఏడ్చే ఘట్టంలోనైనా తన గొంతే ఉండాలంది. "సరేలే తల్లీ," అన్నాడు దర్శకుడు. తీరా కెమెరా తిరిగేసరికి నిజంగానే ఏడుపు ముంచుకొచ్చి మాటలు మరిచిపోయింది.

"ఆగకు! అంకెలు చెప్పేయ్! మాటలు తర్వాత చెబుదువుగాని," అని అరిచాడాయన.

మాట మరిచిపోతే షూటింగుల్లో అందరూ చేసే పనే అది, పెదాలు కదిలితే చాలు. రోమువాళ్లయితే ఒకటి, రెండు, మూడు అనేస్తారు. నేపుల్స్ లాటరీ పిచ్చి ఊరు, అక్కడ ప్రతి అంకెకీ ఓ అర్థం. యాభైరెండు అంటే అమ్మ, అరవైఅయిదు అంటే ఏడుపు. ఆమె నోటికి అవే వచ్చాయి.

తర్వాత వెళ్లి మాటలు చెప్పింది కూడా. ఆమెకి మాటమాత్రమైనా చెప్పకుండా వాటిని తీసేసి పాత గొంతే పెట్టారు. ఆ సంగతి నేపుల్స్‌లో మొదటి ఆటకి తల్లిని తీసుకెళ్లి, పక్కన కూర్చున్నాకే తెలిసింది.

తెరమీద రోము గొంతు నాజూగ్గా ఏడుస్తోంది. రఫిలీనా శాలువా సర్దుకుని లేచింది.

"ఇందుకా తీసుకొచ్చావు? పద."

"నేనే చెప్పానమ్మా, ఒట్టు!"

ఇంతలో వెనకనించి ఎవడో కేక పెట్టాడు. "ఒరేయ్, దాని పెదాలు చూడండ్రా! యాభైరెండు!"

హాలంతా గోల. "అరవైఅయిదు! మళ్లీ యాభైరెండు! రేపు లాటరీలో కాసెయ్యండ్రోయ్!"

నున్జియా సిగ్గుతో చచ్చిపోయింది. రఫిలీనా తెరవైపు తిరిగింది. కూతురి పెదాలు మళ్లీ ఆ అంకే అన్నాయి. ఆవిడ మెల్లిగా కూర్చుంది.

"ఆ వెధవల్ని నోరు ముయ్యమను," అంది కళ్లు తుడుచుకుంటూ. "నా కూతురు నన్ను పిలుస్తోంది."