పిన్ని తీసిన గోడ

మొన్న మా పక్కవాటాలోకి కొత్తగా దిగిన ఆవిడ పెరుగు తోడుకి వచ్చి, ముందుగదిలో ఉన్న నలుపు తెలుపు ఫోటో ఎదుట గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. "దీదీ, ఇది ఏ దీవి? హేవ్‌లాక్ అవతల ఉందా?" అని అడిగింది. దీవీ కాదు, సముద్రమూ కాదు, అది మా పిన్ని ఇంట్లో అట్లపెనం అడుగు. ఆ మాట చెబితే ఆవిడ నన్ను అనుమానంగా చూసి, తోడు పుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు కొత్త కాదు. పిన్ని ఫోటోలు చూసిన వాళ్ళందరూ ముందు ఫోటోని, తరవాత పక్కనున్న మనిషిని అలాగే చూస్తారు.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. బతు బస్తీలో చిన్న కుట్టు దుకాణం ఆమెది, ఇప్పటికీ నడుపుతోంది. మా తాతలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలు మూటగట్టుకుని ఈ దీవులకి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆ ఇంట్లో పుట్టిన ఎవరికీ ఊరికే కూర్చుని చూడడమనే అలవాటు లేదు, పిన్నికి తప్ప. జాకెట్టు గుడ్డ కత్తిరిస్తూ మధ్యలో ఆగి, ఎదురుగా రేకుల షెడ్డు మీద తుప్పు చారలకేసి చూస్తూ ఉండిపోయేది. జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళేవారు, కుట్టు బాగుంటుంది గనక మళ్ళీ వచ్చేవారు. ఫోన్ల దెబ్బకి బజారులో ఓ ముసలాయన స్టూడియో సగం మూసేసినప్పుడు, ఆయన దగ్గర పాత ఫిలిం కెమెరా ఒకటి కొనుక్కుంది. మా దీవుల తేమకి లెన్సు లోపల కూడా బూజు మొలుస్తుంది కాబట్టి దాన్ని బియ్యం డబ్బాలో దాచేది. అన్నానికి బియ్యం కొలవబోతే ముందు కెమెరా చేతికి తగిలేది. రీళ్ళు చెన్నై నుంచి ఓడలో రావాలి. తీసినవాటిని స్టూడియో ఆయనే తన చీకటిగదిలో కడిగి, "ఇందులో మనుషులెక్కడమ్మా?" అని ప్రతిసారీ బాధపడేవాడు. మనుషులు ఉండేవారు కాదు. తడి టార్పాలిన్ మడతలు, బకెట్లో నీలిమందు కలుస్తున్నప్పటి సుడి, ఐసుపెట్టె మూత మీద అంటుకున్న చేపపొలుసులు, అన్నీ మరీ దగ్గరగా, ఏది ఏదో పోల్చుకోలేనంత దగ్గరగా ఉండేవి. "ఏదో తెలిసిపోతే ఇంకెవలు సూస్తారే?" అనేది నాతో. ఓ పెళ్ళిలో ఆమె చేతిలో కెమెరా చూసి చుట్టాలందరూ వరసగా సర్దుకుని నిలబడితే, ఆమె వాళ్ళని దాటుకుని వెళ్ళి గాడిపొయ్యి పక్కన మసిబారిన ఇటుకల్ని ఫోటో తీసుకుంది. బాబాయి ఆ రోజు భోజనం కూడా సరిగా చెయ్యలేదు.

కొన్నేళ్ళ కిందట, వాన తెరిపిచ్చిన ఓ పొద్దున్న, పిన్నీ నేనూ డాలీగంజ్‌లో మా ఇంటికి నడిచి వస్తున్నాం. దారిలో ఓ ఆఫీసు ప్రహరీగోడ ఉంది. ఏ ఆఫీసో ఇప్పుడెందుకు లెండి. ఎన్ని వానలకు తడిసిందో, గోడ నిండా పాచి పట్టి, నల్లగా చారలు దిగి ఉంది. పిన్ని ఆగిపోయింది. మబ్బు తొలగి ఎండ గోడ మీదికి ఏటవాలుగా వచ్చేదాకా నిలబడి, అప్పుడు మొదలుపెట్టింది. రీలు అయిపోవస్తుండగా గేటు దగ్గరి గార్డు వద్దంటూ పరుగెత్తుకొచ్చాడు.

"దీదీ, ఇదర్ ఫోటో మనా హై. డిలీట్ కరో."

"ఇందుల డిలీట్ నేదు భయ్యా. తీసింది తీసిందే."

అతను కెమెరాని తిప్పి తిప్పి చూశాడు. వెనకాల ఫోటో కనబడే అద్దం లేకపోవడం అతనికి మరింత నేరంగా తోచింది. మూత తెరిచి రీలు లాగెయ్యమన్నాడు. పిన్ని కెమెరాని లాక్కుని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. "కడిగి సూసుకోండి. ఎలుగులో లాగీసి పాడుసేస్తానంటే మాత్రం ఒప్పుకోను," అంది.

గార్డు మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడి అధికారి మర్యాదస్తుడే, కొత్తగా బదిలీ మీద వచ్చినాయన. బాబాయికి కబురు వెళ్ళింది. బాబాయిది ఓడల ఆఫీసులో ఉద్యోగం. ఆ ఉద్యోగం అప్పటికే పోయినట్టున్న మొహంతో వచ్చాడు. స్టూడియో ఆయన్ని పిలిపించి రీలు అప్పగించారు. మధ్యాహ్నానికి ఆయన కడిగి, అచ్చువేసి తెచ్చిన ఫోటోలు బల్ల మీద పరిచారు. అధికారి ఒకదాన్ని నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు. "యే నక్షా హై క్యా?" అన్నాడు. ఇది మ్యాపా అనేసరికి బాబాయికి చెమటలు పట్టాయి. మ్యాపు కాదు, మీ గోడేనని నేను హిందీలో మొత్తుకున్నాను. ఆఖరికి స్టూడియో ఆయన చేతులు జోడించాడు. "సాబ్, ఈమెకి మనుషుల్ని తియ్యడం రాదు. ఎప్పుడూ ఇలాంటివే తీస్తది." గార్డు మీద కూడా రాని కోపం పిన్నికి ఆ మాటకి వచ్చింది.

అధికారి నవ్వి, తెల్లకాగితం ముందుకి తోశాడు. పొరపాటున తీశానని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే రీలూ ఫోటోలూ తీసుకుపోవచ్చన్నాడు.

"రాసియ్యే, ఒక్క ముక్కే గదా," అన్నాడు బాబాయి గొంతు తగ్గించి.

"పొరపాటు కాదే!" అంది పిన్ని నాకేసి తిరిగి. " ఎండ కోసం కాళ్ళు నొప్పెట్టీదాకా నిలబడి తీసినాను. పొరపాటని నా సేత్తో రాస్తే, ఇన్నాళ్ళూ తీసినవన్నీ పొరపాట్లే అయిపోవా? తియ్యొద్దని ఇక్కడ బోర్డు నేదు. బోర్డెట్టమను, ఇటు రాను."

ఆ మాటలు నేను హిందీలో చెప్పాను. రాయకపోతే రీలు ఇక్కడే ఉండిపోతుందన్నాడు అధికారి. "ఉంచుకోమను," అని పిన్ని ఖాళీ కెమెరా సంచిలో పెట్టుకుని లేచింది. మలుపు తిరిగేదాకా తల ఎత్తుకునే నడిచింది. తిరిగాక ఓ మూసిన దుకాణం అరుగు మీద కూర్చుంది. "ఆ మూడో ఫోటో ఎంత బాగొచ్చిందో సూసినావా?" అంది, అంతే. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

రీలు మళ్ళీ రాలేదు. బాబాయి ఉద్యోగానికి ఏమీ కాలేదు గానీ, ఆయన చాలా రోజులు పిన్నితో మాట్లాడలేదు. ఆమె మర్నాడే కొత్త రీలు ఎక్కించి, దుకాణంలో ఇస్తిరీ పెట్టె కింద మాడిన గుడ్డతో మొదలుపెట్టింది. నెల తిరక్కుండా ఆ ఆఫీసువాళ్ళు బోర్డయితే పెట్టలేదు గానీ, గోడంతా గీకించి తెల్లగా సున్నం కొట్టించారు. నేను ఆ కబురు మోసుకెళ్ళి, ఇక ఆ ఫోటో లేనట్టేనని చెప్పాను. పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ, "వాన ఆగిపోద్దేటి?" అంది.

ఆగలేదు. ఆ అధికారికి బదిలీ అయింది, గార్డులు మారారు, సున్నం ముందు నెర్రెలిచ్చి, తరవాత పచ్చబడి, తరవాత నల్లబడింది. కిందటేడు వానలు వెనకబట్టాక పిన్ని నన్ను వెంటబెట్టుకుని, అదే గోడ ఎదుట, పట్టపగలు, అందరూ చూస్తుండగా నిలబడింది. కొత్త గార్డు గోడవారగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"క్యా లే రహే హో, దీదీ?" అన్నాడు, ఏం తీస్తున్నావని.

"పాచి, భయ్యా."

అతను వెనక్కి తిరిగి గోడని కాసేపు చూశాడు. తరవాత లేచి, అడ్డం రాకుండా కుర్చీని దూరంగా జరుపుకున్నాడు.

కాలం ముందు ఎవరైనా ఓడిపోవలసిందే అంటారు పెద్దలు. మా పిన్ని మాత్రం దాంతో పోట్లాడలేదు, అదే వచ్చి తన పక్షాన సాక్ష్యం చెప్పేదాకా ఓపిగ్గా కూర్చుంది.