పగిలిన పండ్ల కాలం

ఈ మధ్య మా మనుమరాలు బజారు నుంచి సీతాఫలాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. రెండు రోజులకు అవి మెత్తబడి ఇల్లంతా వాసన పట్టింది. పండు మగ్గి, ఇక పులవబోతున్నప్పుడు వచ్చే వాసన. అందరికీ నోరూరుతుందట. నాకు మాత్రం ఆ వాసన పడదు. మనుమరాలి కొడుక్కి ఇంకా రెండేళ్ళు నిండలేదు. వాడు ఒక పండు పూర్తి చేసి రెండోదానికి చెయ్యి చాపితే నేను గిన్నె తీసి అలమారలో పెట్టేశాను. "పండే గద అమ్మమ్మా, విషమా ఏమన్ననా?" అని నవ్వింది. చిన్నపిల్లల కడుపు వాళ్ళ పిడికిలంత ఉంటుందని, అందులో అంత తీపీ అంత పీచూ పడితే పేగులు తట్టుకోలేక నీళ్ళ విరేచనాలు అవుతాయని చెప్పాను. అది సగం సంగతే. మిగతా సగం చెప్పాలంటే మార్తమ్మ గురించి చెప్పాలి. ఈ ఇంట్లో ఆమెను చూసినవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు.

మార్తమ్మ వికారాబాదులో నర్సు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, స్టేషను వెనక సందులో ఒక పట్నం డాక్టరు చిన్న దవాఖానా నడిపేవాడు. ఆయన వారానికి రెండుసార్లు రైలు దిగి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాడు. మిగతా రోజుల్లో దవాఖానా అంటే మార్తమ్మే. పొట్టి మనిషి, బొంగురు గొంతు, మోకాళ్ళ నొప్పి. భర్త పోయాడు, పిల్లలు లేరు. నేను ధారూరు నుంచి ఆయా పనికి వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ఏడో తరగతి చదివానన్న గర్వం ఒకటి ఉండేది. సూదులు మరగబెట్టడం, కట్లు కట్టడం అన్నీ ఆమే నేర్పింది. కడుపు జారే పిల్లవాడు వస్తే ముందు ఏం చూడాలో కూడా చూపించింది. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలేది. "ఎంబడే మల్ల సాపుగైతే ఫికర్ లేదు. పట్టినకాడ అట్లనే నిలవడ్తే లోపల నీళ్ళు లేనట్టు. అప్పుడు అన్ని పనులు ఇడిసిపెట్టి గంజిల ఉప్పేసి చెంచతోని తాపాలె. కక్కినా తాపాలె," అనేది. ఊళ్ళలో దీనికి సరిగ్గా ఎదురు నడిచేవాళ్ళు. కడుపు జారినప్పుడు నీళ్ళిస్తే ఇంకా జారుతుందని, గుక్కెడు కూడా ఇవ్వకుండా నోరు ఎండబెట్టేవాళ్ళు.

దసరా దాటాక అనంతగిరి అడవిలో సీతాఫలాలు కళ్ళు తెరిచి పక్వానికి వచ్చేవి. గుత్తదారులు వాటిని కోయించి స్టేషను పక్కన ఒక పాకలో కుప్పలు పోయించేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చి కూర్చుని, గట్టి కాయలు ఏరి ఆకులు పరిచిన బుట్టల్లో పేర్చేవాళ్ళు. పగిలినవీ మెత్తబడినవీ పట్నం దాకా రైలులో ఆగవు కాబట్టి అవి ఏరేవాళ్ళకే. సాయంత్రం కొంగు నిండా పగిలిన పండ్లు కట్టుకుపోవడం అక్కడి ఆనవాయితీ. జొన్న ఇంకా కోతకు రాని రోజులు, చాలా ఇళ్ళలో ఆ పూట తిండి అదే. చంటిపిల్లల్ని కుప్పల పక్కనే కూర్చోబెట్టుకునేవాళ్ళు. పిల్లవాడు ఏడిస్తే ఒక పండు విప్పి చేతిలో పెట్టడం, మళ్ళీ ఏడిస్తే మళ్ళీ ఒకటి. పొద్దుగూకేసరికి వాడు ఎన్ని తిన్నాడో తల్లికీ తెలియదు. ఆ నెల రోజులూ మా దవాఖానా గడప ముందు కడుపుబ్బి, కడుపు జారి వచ్చిన పిల్లలే.

నేను చేరిన రెండో ఏడాది, అలాంటి ఒక మధ్యాహ్నం. మార్తమ్మ లోపల పురిటి మనిషి దగ్గర ఉంది. బయట నేనొక్కదాన్నే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నాకు అప్పుడు అంతటి ఉత్సాహం. పొద్దున్నుంచి పదిమంది తల్లులకు అదే మాట చెప్పి చెప్పి విసిగి ఉన్నాను. అప్పుడు ఒకామె వచ్చింది. నాకంటే రెండేళ్ళు పెద్దదేమో. చేతుల నిండా పండ్ల జిగురు ఎండి నల్లబడి ఉంది. సంకలో ఏడాదిన్నర పిల్లవాడు తల వాల్చేశాడు.

"నిన్నటిసంది నీళ్ళోలె పోతున్నడమ్మా," అంది.

"ఏం పెట్టినవ్?"

"పండ్లే తిన్నడు."

"ఎన్ని?"

ఆమె పాక వైపు చూసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నాకు నోరు లేచింది.

"తల్లివేనా నువ్వు? ఏడాదిన్నర పోరనికి గన్ని పండ్లు ఎవలన్న పెడ్తరా? ఏడుస్తుండని నోట్ల పండు కుక్కుడు, కడుపు జారితె దవఖానకు ఎత్కొచ్చుడు. మేమేం జెయ్యాలె?"

వరసలో కూర్చున్న ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. వాళ్ళూ పొద్దున నా చేత చీవాట్లు తిన్నవాళ్ళే, ఇప్పుడు ఇంకొకరి వంతు వచ్చిందని సంబరం. ఆమె పిల్లవాడి మీదకు కొంగు లాగి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పొట్ట మీది చర్మం నేను పట్టి చూడలేదు. వెళ్తుంటే పిలవనూ లేదు. నిజం చెప్పాలంటే, సరిగ్గా బుద్ధి చెప్పానని లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది.

గంట తర్వాత మార్తమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఎవలో పోరన్ని తెచ్చినట్టుంది, ఏడుపు వినొస్తలేదేంది?" అని అడిగింది. చెప్పాను.

"నీళ్ళు తాపినవా?"

"లేదు."

"పేరేంది? ఏ ఊరు?"

అడగలేదని చెప్పాను. తిట్టే ముందు పేరు అడగాలని నాకు తోచనే లేదు. మార్తమ్మ వీధిలోకి వెళ్ళి అటూ ఇటూ చూసింది. ఆ నొప్పి మోకాళ్ళతోనే పాక దాకా వెళ్ళింది. అప్పటికి పనివాళ్ళు ఊళ్ళకు మళ్ళారు. తిరిగి వచ్చి నాతో ఏమీ అనకుండా మిగిలినవాళ్ళను చూసుకుంది. ఎప్పుడు తిడుతుందా అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని మళ్ళీ పాకకు వెళ్ళింది. కాయలు ఏరుతున్న ఒక ముసలామె చెప్పింది, "చంద్రమ్మ గావొచ్చు. ఇయ్యాల పనికి రాలే. కొండ కింది ఊరు." ఒక సీసాలో గంజి పోసుకుని నడిచాం. ఊరి మొదట్లోనే ఏడుపు వినిపించింది. పిల్లవాడు ఆ తెల్లవారే పోయాడు. వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పొట్ట మీద పసుపు కొమ్ము కాల్చి పెట్టిన వాతలు రెండు ఉన్నాయి.

నేను ఆ తల్లి వైపు ఒక అడుగు వేశాను. మార్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని చిన్నగా అంది, "మాఫీ అడుగుదమనుకుంటున్నవేమో, అడగకు. అడిగితే ఆమెనే నిన్ను ఊకోబెట్టాలె. కొడుకు పోయినామెకు గా పని పెట్టకు."

చంద్రమ్మ నన్ను గుర్తుపట్టింది. కానీ చూపు నా మీద ఆగలేదు. మార్తమ్మనే అడిగింది, "పండ్లు పెట్టి నేనే సంపుకున్ననా అమ్మా?"

మార్తమ్మ ఆమె ఎదుట నేల మీద కూర్చుంది. "పండ్లు ఎక్కువైతే కడుపు జారింది, అది నిజమే. కడుపు జారితె పోరలు సావరు బిడ్డా. ఒంట్లె నీళ్ళు ఎండిపోతె సస్తరు. నీళ్ళు తాపుమని మేం జెప్పాలె. నువ్వు మా గడపదాక వస్తివి, మేం జెప్పకపోతిమి. తప్పు మాది."

చంద్రమ్మ కొడుకు తల నిమిరింది. తర్వాత అంది, "నీళ్ళడిగిండమ్మా. వానికి వచ్చిన మాటలే నాలుగు. అండ్ల నీళ్ళొకటి. నీళ్ళు నీళ్ళు అని అడుగుతనే ఉండె. నేనే ఇయ్యలే. పోస్తె ఇంక పోతయన్నరు."

ఆ మాట విన్నాక నేను అక్కడ నిలబడలేకపోయాను. గోడ పక్కకు వెళ్ళి కూర్చుని ఏడ్చాను. తిరుగు దారిలో మార్తమ్మ మీద నాకు కోపం వచ్చింది, నా తప్పు నేను పక్కన పెట్టి. శవం వాకిట్లో ఉండగా ఆ నిజం ఆ తల్లికి చెప్పడం అవసరమా అని అడిగాను. ఆమె ఆగి మోకాళ్ళు రాసుకుంది. "ఆ వాకిట్ల పదిమంది ఆడోళ్ళున్నరు. సగంమంది సంకల పోరలున్నరు. వాళ్ళు గూడ గా పండ్లే తింటున్నరు. దినాలైనంక చెప్తననుకుంటె, అందాక ఎవడుంటడో ఎవడు పోతడో," అంది. ఆ వారంలో ఆ ఊరి నుంచి ముగ్గురు పిల్లలు వచ్చారు. ముగ్గురికీ దారి పొడుగునా నీళ్ళు తాగిస్తూనే తెచ్చారు. ముగ్గురూ బతికారు. చంద్రమ్మ మాత్రం మా గడప మళ్ళీ తొక్కలేదు. పాకలో కనిపిస్తే నేనే తల దించుకునేదాన్ని.

మరుసటి ఏడాది నుంచి పండ్ల కాలంలో మార్తమ్మ రోజూ మధ్యాహ్నం ఉప్పు గంజి బిందె ఒకటి నా చేత మోయించుకుని పాకకు పోయేది. పిల్లలకు ముందు గంజి తాపించి, తర్వాతే పండు ఇమ్మనేది, అదీ ఒక్కటి. తల్లులకు కూడా తలా ఒక గ్లాసు పోసేది. పిల్లలకు పండు తప్ప ఏమీ పెట్టలేనివాళ్ళ దగ్గర ఒట్టి మాటలు చెల్లవని నాకు అక్కడే అర్థమైంది. అప్పుడు కూడా ఆమె నన్ను ఆ మధ్యాహ్నం గురించి ఏమీ అనలేదు.

తర్వాత నన్ను తాండూరులో ఇచ్చారు. బండల గనుల దగ్గర ఒక దవాఖానాలో మళ్ళీ ఆయాగానే చేరాను. అక్కడి తల్లులు సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేవాళ్ళు. అక్కడ సీతాఫలాల బదులు జామకాయలు, అంతే తేడా. ఎవరు వచ్చినా ముందు పేరు, ఊరు అడిగేదాన్ని. ఎన్ని తిన్నాడని అడిగేటప్పుడు గొంతు తగ్గించేదాన్ని. నన్ను ఓపికమంతురాలని అనేవాళ్ళు. ఆ ఓపిక నాకు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకు చెప్పలేదు.

కొన్నేళ్ళకు మార్తమ్మ మంచాన పడిందని తెలిసి వికారాబాదు వెళ్ళాను. ఒక అద్దె గదిలో ఒక్కతే ఉంది. ఒళ్ళంతా చిక్కిపోయింది. ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ పూటకింత వండి తెచ్చిస్తోంది. నేను జావ కాచి చెంచాతో తాగించాను. చాలాసేపటికి, ఇక అడగకపోతే ఎప్పటికీ అడగలేనని తెలిసి, అడిగేశాను.

"చంద్రమ్మ కొడుకు పోయిననాడు నన్నొక్క మాట అనకపోతివి. ఎందుకమ్మా?"

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. అలాగే, ఆ బొంగురు గొంతుతో అంది, "ఒకామెను తిట్టి పంపితె ఏమైందో సూస్తిమి గద. నిన్ను గూడ తిడితె నువ్వు గూడ ఇంటికి పోయెటిదానివి. మల్ల రేపొచ్చే పోరలకు నీళ్ళెవలు తాపాలె?"

ఆ నెలలోనే ఆమె పోయింది. నాకు కబురు ఆలస్యంగా అందింది. నా చేతుల మీదుగా ఎంతమంది పిల్లలు గంజి తాగి బతికారో నేను లెక్క పెట్టుకోలేదు. ఎంతమంది బతికినా ఆ ఒక్కడు రాడు. ఆ రోజు మార్తమ్మ నాలుగు తిట్లు తిట్టి ఉంటే, ఏడ్చి, శిక్ష అయిపోయిందనుకుని ఆ తప్పును నేను వికారాబాదులోనే వదిలేసి వచ్చేదాన్నేమో. ఆమె తిట్టలేదు. అందుకే అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.