బిస్కెట్టంత గురి

డాక్టర్ గారి రూలు ఒక్కటే. నూరు గజాల దూరంలో పెట్టిన కాగితం మీద మూడు తూటాలూ బిస్కెట్టంత చోటులో పడాలి. పడితే కొండకి వేటకెళ్తాం, పడకపోతే ఇంట్లో కూర్చుని పప్పుచారు తింటాం. ఇందులో బేరాల్లేవు. ఆయన జీవితమంతా సర్జన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. "ముందుకాలి వెనక అరచేతంత చోటుంటుందయ్యా. అక్కడ తగిలితే జింకకి తెలిసేలోపే అయిపోతుంది. కాస్త అటో ఇటో అయిందనుకో, పొదల్లో పడి గిలగిలా కొట్టుకుని చస్తుంది. నువ్వు మాత్రం ఇంటికొచ్చి హీటర్ వేసుకుని పడుకుంటావు" అనేవారు. చెప్పిన ప్రతిసారీ నేనేదో ఆ పాపం చేసొచ్చినట్టే చూసేవారు.

మేముండే ఊరు బాతెల్‌లో ఆయన ఇల్లు మా వీధి చివర. ఒకప్పుడు నా ఉద్యోగం పోయి, పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కనబడ్డవాళ్ళందరి మీదా విసుక్కునేవాణ్ణి. మా ఆవిడ ఆయనతో ఏం చెప్పుకుందో తెలియదు. ఓ శనివారం పొద్దున్నే మా డ్రైవ్‌వేలో ఆయన ట్రక్ హారన్ మోగింది. "రా, నడుద్దాం" అన్నారు. అంతే, సలహాలూ లేవు, ఓదార్పులూ లేవు. వారం వారం ఆయన వెనక కొండలెక్కి దిగాక నాకు మళ్ళీ ఆకలి వేసింది, నిద్ర పట్టింది, ఇంట్లో వాళ్ళతో మామూలుగా మాట్లాడగలిగాను. వేట కూడా ఆ నడకల్లోనే అంటుకుంది. ఉద్యోగం తర్వాత ఎలాగూ దొరికింది. నన్ను మాత్రం ఆయనే నిలబెట్టారు.

అలాంటి మనిషికి పోయిన ఏడాది చూపు దెబ్బతింది. చూసేదానికి సరిగ్గా మధ్యలో మబ్బు పట్టినట్టుంటుందట. పక్కలు కనిపిస్తాయి, ఎదుట ఉన్నది కనిపించదు. తుపాకీ మీది దుర్భిణి, అదే స్కోప్‌లో చూసి కాల్చే పని ఇక కుదరదు. నన్ను తుపాకుల షాపుకి తీసుకెళ్ళి కాగితాలు రాయించి, గడియలాంటి బోల్ట్ లాగి కాల్చే తన రైఫిల్‌ని నా పేరున పెట్టేశారు. డాలస్‌లో ఉన్న కూతురు వచ్చి ఇల్లు అమ్మకానికి పెట్టింది. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ లోపల ఆయన్ని తన దగ్గరికి తీసుకెళ్ళిపోతానంది. కాబట్టి ఆ అక్టోబర్‌దే మాకు ఆఖరి సీజన్. "కాల్చేది నువ్వు, పక్కన కూర్చునేది నేను. ఒక్కసారి నా తుపాకీ మోత ఆ కొండలో విని వెళ్తా" అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

ఆగస్టులో రైఫిల్ బంగారంలా కాల్చింది. సీజన్ మొదలయ్యే వారం ముందు, ఓసారి చూసుకుందామని గురి సాధన చేసే రేంజ్‌కి వెళ్ళాం. రేకుల కప్పు మీద వాన దబదబా పడుతోంది. ఇసుక బస్తాల మీద రైఫిల్ ఆనించి మూడు తూటాలు కాల్చాను. ఒకటి నడిమధ్య పడింది, ఒకటి పైకి పోయింది, మూడోది ఇంకా పైకి, కుడికి పోయింది. మళ్ళీ కాల్చాను. మళ్ళీ అంతే. బ్యారెల్ వేడెక్కే కొద్దీ తూటాలు కాగితం మీద షికారు చేస్తున్నాయి. బిస్కెట్టు కాదు గదా, భోజనం ప్లేటు కూడా చాలదు.

నాకు ఒళ్ళు మండింది. ముందు స్కోప్ స్క్రూలు వదులయ్యాయన్నాను, గట్టిగానే ఉన్నాయి. తూటాల పెట్టె తేడా అన్నాను. ఆగస్టులో వాడిన పెట్టెలో మిగిలినవి కాల్చినా అదే వరస. చివరికి వాన మీద పడ్డాను. డాక్టర్ గారు అన్నీ విని, "కాస్త నోరు మూసుకుని కాలుస్తావా?" అన్నారు. నాకు తెలియకుండా మధ్యలో మందు లేని ఒక డమ్మీ తూటా పెట్టారు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, పేలలేదు. రైఫిల్ మూతి ఇసుమంత కూడా కదల్లేదు. మోతకి ముందే బెదిరి ఒళ్ళు అదిరేవాడి చేతిలో అయితే అది చటుక్కున కిందికి వంగేది.

"నీలో లోపం లేదు. బోల్ట్ తీసి ఇలా ఇవ్వు" అన్నారు.

రైఫిల్‌ని ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి ఏదో పాత రసీదు తీసి మడిచి, బ్యారెల్‌కీ కింద చెక్కకీ మధ్య ఉన్న సందులో మూతి వైపు నుంచి దూర్చారు. ఈ సందు విషయం ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పిందే. కాల్చినప్పుడల్లా బ్యారెల్ వణుకుతుంది. చెక్కకి ఎక్కడా తగలకుండా ఉంటే ప్రతిసారీ ఒకేలా వణుకుతుంది. తగిలిందా, ఒక్కోసారి ఒక్కో వైపు నెట్టేస్తుంది. అందుకే కాగితం ఈ చివరి నుంచి దాదాపు ఆ చివరిదాకా సాఫీగా జరగాలి. సగం దారిలోనే ఆగిపోయింది. చూపు లేకపోయినా ఆ వేళ్ళకి తెలియనిది లేదు. సందులో గోరు పెట్టి గీకి, గోటికి అంటిన పసుప్పచ్చ పొడిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏమయ్యా, మీ ఇంట్లో ఈ మధ్య పూజేమైనా జరిగిందా?"

నాకు అప్పుడు వెలిగింది. మా అత్తగారు కరీంనగర్ నుంచి వచ్చి ఆరు నెలలుండటానికి దిగారు. దసరానాడు ఇంట్లో ఆవిడ బొట్టు పెట్టని వస్తువు లేదు. రెండు కార్లకి, మిక్సీకి, నా ల్యాప్‌టాప్‌కి, చివరికి రాలిన ఆకులు ఊదే లీఫ్ బ్లోయర్‌కి కూడా. నేను బోల్ట్ సేఫ్‌లో పెట్టి, రైఫిల్ తుడిచి గరాజ్ బల్ల మీద పెట్టి ఆఫీస్ కాల్‌కి వెళ్ళొచ్చేసరికి దానికీ బొట్లున్నాయి. పైన కనబడినదంతా గుడ్డతో తుడిచేసి, సరిపోయిందనుకున్నాను.

ఇంటికి వచ్చేదాకా దారి పొడుగునా ఆవిణ్ణి ఏమేం అనాలో మనసులో తయారు చేసుకున్నాను. అందులో మర్యాదైన మాట ఒక్కటీ లేదు. ఒక ముసలాయన ఆఖరి కోరిక ఈవిడ గంధం గిన్నెలో కలిసిపోయిందే అని నా మంట. వంటింట్లోకి వెళ్ళి, "అత్తయ్యా, ఆ తుపాకీకి గంధం ఎక్కడ పూశారు?" అన్నాను.

"అంతట పూసిన బిడ్డా. పైపైన పెడ్తె రాలిపోతదని సందులకు గూడ మంచిగ మెత్తిన. ఆయుధమాయె, దసరానాడు ఒట్టిగ ఉంచుతమా?" ఆవిడ సంతోషంగా చెప్పింది. అంతలోనే నా మొహం చూసి గరిటె పక్కన పెట్టింది. "ఏమైంది? నాతోని ఖరాబైందా?"

నేను నోరు తెరిచేలోపే నా వెనకే లోపలికొచ్చిన డాక్టర్ గారు రెండు చేతులూ జోడించారు.

"ఖరాబేం కాలేదమ్మా. ఈ దేశమొచ్చిన కాణ్ణుంచీ దసరాకి కార్లకి పూజ చేశా, లాన్ మోవర్‌కి చేశా. కొండల్లో నాకు తోడున్నది ఈ తుపాకీ. దీనికి చెయ్యాలని నాకు ఒక్క ఏడాదీ తోచలేదు. మీకు తోచింది. చాలా సంతోషం."

నేను తయారు చేసుకొచ్చిన మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. సిగ్గుగానూ అనిపించింది, హాయిగానూ అనిపించింది. ఆ పూట ఆ మాటలు నా నోటి నుంచి బయటపడి ఉంటే ఆవిడ మిగిలిన నెలలన్నీ మా ఇంట్లో బిక్కుబిక్కుమంటూ గడిపేది. ఆ తప్పు నా చేత చేయించకుండా ఆపినందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

గరాజ్‌లో స్క్రూలు విప్పి బ్యారెల్‌ని చెక్క నుంచి పైకి తీశాను. గాడి పొడుగునా గంధమూ పసుపూ ఎండి గట్టిపడి ఉన్నాయి. సున్నం కొట్టేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా మెత్తరు. అత్తగారు ముందు దాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని, తర్వాత తన పాత నూలు చీర ముక్కతో తానే గీకి తుడిచింది. ఇనుముకి నేను నూనె రాశాను. డాక్టర్ గారు స్టూలు మీద కూర్చుని, "ఆ స్క్రూలు ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదాని దగ్గరికి పోకు. కొంచెం ఇది, కొంచెం అది" అని చెబుతుంటే అలాగే బిగించాను. చివర్లో అత్తగారు చీర అంచు సందులో దూర్చి, కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగి చూసింది. ఎక్కడా పట్టలేదు. "ఇగ మంచిగ కొడ్తది, చూడుండ్రి" అంది.

మర్నాడు రేంజ్‌లో తొందరపడలేదు. ఒక్కో తూటాకీ మధ్య బ్యారెల్ చల్లారేదాకా ఆగాను. కాగితం తెచ్చి డాక్టర్ గారి చేతికిచ్చాను. ఆయన చూడలేదు. వేలితో చిల్లులు తడుముకున్నారు. మూడూ ఆయన బొటనవేలి కింద దాగిపోయాయి. తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

సీజన్ మొదలైన రోజున వేటకి బయల్దేరాం. పర్వతాలు దాటి తూర్పు వైపు దిగితే వాన ఉండదు. ఎండిన గడ్డి, పైన్ చెట్లు, చలి. మిగతా వేటగాళ్ళకి కనబడేలా నారింజ రంగు జాకెట్లు వేసుకుని ఒక బండకి వీపు ఆనించి కూర్చున్నాం. స్కోప్‌లో నాకు కనిపించేదంతా గుసగుసగా ఆయనకి చెబుతున్నాను. ఎండ బాగా ఎక్కాక ఎదుటి వాలు మీదికి ఒక మగజింక వచ్చింది.

"రూలు ప్రకారం కొమ్ముకి మూడు మొనలున్నాయా? లెక్కపెట్టావా?"

"పెట్టాను. నాలుగున్నాయి."

"ఎటు తిరిగుంది?"

"కుడికి. తల వంచి మేస్తోంది. ముందుకాలు ముందుకేసింది."

"తూటా దాటిపోతే వెనక ఏముంది?"

"మట్టి కట్ట."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఊపిరి సగం వదిలి ఆపు. ఇక నీ ఇష్టం."

మోత కొండలో తిరిగి తిరిగి ఆగింది. జింక ఒక్క అడుగు కూడా వెయ్యలేదు, నిలబడ్డచోటే కూలింది. అక్కడిదాకా ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించాను. మోకాళ్ళ మీద కూర్చుని దాని కళ్ళు తాకి చూశారు, మెడ కింద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచారు. తర్వాత పక్కటెముకల మీద తడుముకుంటూ గాయం దగ్గరికి వచ్చి అక్కడ ఆగారు.

"దీనికి నొప్పి తెలియలేదయ్యా" అంటూ లేచారు. "ఇది చాలు నాకు."

నేనూ ఆ గాయాన్ని రెండు చేతులతో తాకి చూశాను. ఆ గడ్డిలోనే వంగి ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

"ఆ రక్తం చేతులతో ఏంటయ్యా, కొత్త ప్యాంటు" అన్నారు. కాళ్ళు మాత్రం వెనక్కి తీసుకోలేదు.